దీపం కుండలో పలక ముక్క

మా మామకు కాగితం మీద రాయడం చేతకాదు. ఈ మాట ఆయన బతికుండగా అని ఉంటే ఇల్లు పీకి పందిరేసేవారు. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు కాబట్టి ధైర్యంగా అంటున్నాను. కాగితం ముందు పెట్టుకుంటే ఆయనకు ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. స్వేచ్ఛ అని మొదలుపెట్టి, గ్రీసు దేశమంతా తిరిగి, మధ్యలో తన చిన్నప్పటి పంతులుగారిని తలుచుకుని, రెండు దస్తాలు నింపి, అన్నానికి పిలిస్తే లేచి వచ్చేవారు. ఆ వ్యాసం అక్కడితో ముగిసినట్టు లెక్క.

ఆయన్ని దారిలో పెట్టింది మా కార్ఖానాలో పలకలు నునుపు పట్టే భాయి. మార్కాపురంలో మాది చిన్న పలకల కార్ఖానా. గని నుంచి వచ్చిన రాయిని పొరలుగా చీల్చి, కోసి, నునుపు పట్టి, చెక్క చట్రాలు బిగించి ఊళ్ళకు పంపేవాళ్ళం. మా ఆయన ఆ పలకల పెట్టెలు వేసుకుని నెలకు ఇరవై రోజులు ఊళ్ళమ్మట తిరిగేవారు. చార పడ్డ పలకలు ఎవరూ కొనరు, అవి మూలన పేరుకుపోయేవి. భాయి ఒకరోజు అందులోంచి పెద్దవి పన్నెండు ఏరి, తుడిచి, మామ ముందు పెట్టాడట. వీటిలో పట్టినంతే రాయండి పెద్దాయనా, అంతకు మించి ఎవరూ నిలబడి చదవరు అన్నాడట. మామకు కోపం వచ్చింది. కానీ పలకలు చూస్తే ముచ్చటేసింది.

అప్పటినుంచి అదే పద్ధతి. మామకు ఒక పఠనమందిరం ఉండేది. బజారులో పాత గోదాము ముందుగదిలో నాలుగు బెంచీలు, రెండు బీరువాలు, ఒక దినపత్రిక, అధ్యక్షుడికి ఒక చేతుల కుర్చీ. అధ్యక్షుడు ఎవరో చెప్పక్కర్లేదు. ఆ గది వసారా గోడకు పన్నెండు మేకులు కొట్టించారు. సంత రోజు పొద్దున్నే పన్నెండు పలకలూ వరుసగా ఆ మేకులకు వేలాడేవి. మళ్ళీ సంతకు వాటిని తుడిచి కొత్త వ్యాసం.

రాసేది నేను. నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను, నా రాత గుండ్రంగా ఉంటుంది. మామ నడవాలో అటూ ఇటూ తిరుగుతూ చెప్పేవారు. మనుషులంతా సమానం, ఒకరి ముందు ఒకరు నిలబడాల్సిన అవసరం గణతంత్రంలో లేదు అని ఆయన చెప్తుంటే, నేను ఆయన ముందు నిలబడి, పలకను గోడకు ఆనించుకుని రాసేదాన్ని. మామ ఎదుట కోడలు కూర్చోకూడదు గదా. కాళ్ళు లాగేవి. ఆయనకు ఇందులో తేడా ఏమీ కనిపించలేదు, ఆ రోజుల్లో నాకూ కనిపించలేదనే చెప్పాలి. పలకలు తట్టలో పెట్టుకుని బజారుకు మోసుకెళ్ళేది పనివాళ్ళు. నా రాత బజారులో వేలాడుతుంది, సంతకు వచ్చినవాళ్ళంతా చూస్తారు, నేను మాత్రం ఆ గోడ ఎలా ఉంటుందో చూడలేదు.

రాసే ముందు ఆయన ఆ వ్యాసాన్ని ఒకసారి అత్త మీద ప్రయోగించేవారు. అన్నం తింటూ మొత్తం చెప్పేవారు, చేయి ఊపుతూ, మెతుకులు రాలుస్తూ. అత్తకు చదువు రాదు. ఆమె వడ్డిస్తూ, మజ్జిగ పోస్తూ, మధ్యలో ఊఁ అనేది. ఆ ఊఁ వ్యాసానికో, చారుకో ఎవరికీ తెలిసేది కాదు.

అవి ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులు. మా తాలూకా అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. మన జిల్లా ఊరే రాజధాని అయిందని మామ ఛాతీ ఒక అంగుళం పెరిగింది. రాజ్యం నడపడానికి అక్కడివాళ్ళకు తన సలహాలు పనికొస్తాయని గట్టిగా నమ్మి, ఒక వ్యాసం కాగితాల మీద రాయించి పోస్టు చేశారు. జవాబు రాలేదు. అక్కడ ఆఫీసులకు ఇళ్ళు చాలక గుడారాలు వేశారంట, గాలికి ఎగిరిపోయింటుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నారు.

రాజధాని వినలేదేమో గానీ, మా చుట్టుపక్కల పల్లెలు విన్నాయి. విన్నాయంటే మామూలుగా కాదు. సంతకు గొర్రెలు తోలుకొచ్చినవాళ్ళు, చింతపండు బస్తాలు తెచ్చినవాళ్ళు వసారా ముందు నిలబడేవాళ్ళు. చదువొచ్చిన ఒకాయన పైకి చదివితే పదిమంది వినేవాళ్ళు. చదివే ఆయన ఊరికే చదవడు, తన సొంతం కొంత కలుపుతాడు. విన్నవాళ్ళు ఇంటికి పోయేలోపు ఇంకొంత కలుపుతారు. ఒకసారి కొనకనమిట్ల వైపు పల్లెలో, శిస్తు లెక్కలు చూసే జమాబందికి వచ్చిన గుమాస్తాకు మంచం వేయకుండా ఎండలో నిలబెట్టారట. మేము ప్రజలం, నువ్వు మా జీతగాడివి, మార్కాపురం పలకల్లో రాసినారు అన్నారట. ఆ గుమాస్తా నేరుగా మామ దగ్గరికొచ్చి లబోదిబోమన్నాడు. మామ పైకి నొచ్చుకున్నట్టు ముఖం పెట్టారు. ఆ పూట రెండు గరిటెల పప్పు ఎక్కువ వేయించుకున్నారు.

తరువాత కుర్చీ వ్యాసం వచ్చింది. పంచాయతీ అధ్యక్షుడి కుర్చీ ఎవరి సొత్తూ కాదు, ఊళ్ళో ప్రతి ఇంటికీ దాని మీద సమాన హక్కు ఉంది అని పన్నెండు పలకల నిండా రాయించారు. చాలా బాగా కుదిరిందని ఆయనా అనుకున్నారు, నేనూ అనుకున్నాను. నెల తిరక్కముందే రాచర్ల అవతలి పల్లె నుంచి ఇద్దరు మనుషులు ఎద్దులబండి మీద ఒక కుర్చీ వేసుకుని మా ఇంటికి వచ్చారు. దానికి మూడు కాళ్ళే ఉన్నాయి.

సంగతేమిటంటే, వాళ్ళ ఊరి పంచాయతీకి కొత్తగా కుర్చీ వచ్చింది. మామ వ్యాసం కూడా అప్పుడే చేరింది. ప్రతి ఇంటికీ సమాన హక్కంటే ఏం చేయాలని ఊరంతా కూర్చుని ఆలోచించి, నీళ్ళ వంతులాగే కుర్చీ వంతు కూడా పెట్టుకున్నారు. తూర్పు వీధి చివరి ఇంటితో మొదలుపెట్టి రోజుకొక ఇల్లు. కుర్చీ ఎవరింట్లో ఉంటే ఆ రోజుకు వాళ్ళే అధ్యక్షులు. ఒకాయన తన రోజున, చేలో పడ్డ మేకలన్నిటినీ బందెలదొడ్డికి తోలమన్నాడు. మరునాటికి కుర్చీ మేకలాయన ఇంటికి చేరింది. ఆయన బందెలదొడ్డే తీసేయమన్నాడు. మూడోనాటి ఆమె ఏ గొడవా లేకుండా కుర్చీ మీద మిరపకాయలు ఎండబెట్టుకుంది. చివరికి ఒకరింట్లో పొట్టేలును కుర్చీకి కట్టేస్తే, అది లాక్కుపోయి కాలు విరిగింది. ఆ కాలు వేయించాల్సింది ఆ రోజు అధ్యక్షుడా, ఊరంతానా? తీర్పు చెప్పమని మామ దగ్గరికి తెచ్చారు.

మామ తల పట్టుకున్నారు. ఇట్ల చేయమని ఎవరు చెప్పినారయ్యా మీకు అని అడిగారు. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మీరే గదా, మీరు రాసిందే చేసినాము అన్నారు.

అత్త వాళ్ళకు మజ్జిగ ఇస్తూ, ఇంకా ఎన్ని ఇండ్లకు వంతు రావాలని అడిగింది. పదకొండు ఇండ్లు మిగిలాయన్నారు. వంతు రాకుండానే ఆపేస్తే ఆ పదకొండు ఇండ్లవాళ్ళు ఊరుకుంటారా అంది అత్త. మామ విసుక్కున్నారు. నీకెందుకే ఇవన్నీ, మజ్జిగ పొయ్యి అన్నారు. అడగాల్సిన ప్రశ్న ఆమే అడిగిందని నాకు తట్టడానికి చాలా కాలం పట్టింది.

కుర్చీకి కాలు మా కార్ఖానా వడ్రంగే వేసి పంపాడు. మామ ఇక ఊరుకోలేక, పై సంతకు సవరణ వ్యాసం రాయించారు. కుర్చీ రోజుకొకరికి తిప్పేది కాదు. ఓటుతో ఒకరిని కూర్చోబెట్టాలి. మూడేళ్ళు కూర్చోవాలి. మూడేళ్ళ తరువాత దిగిపోవాలి, మళ్ళీ ఓటడిగితేనే ఎక్కాలి. ఓటు ఎవరికి వేశావని అడిగేవాడు ఇంట్లో జొరబడ్డ దొంగతో సమానం. చివర, దేవుడైనా సరే మూడేళ్ళు, అని ఒక వాక్యం చేర్చారు. ఆ వాక్యం ఆయనకు ఎంత నచ్చిందంటే, దానికి పన్నెండో పలక మొత్తం ఇచ్చేశారు. పెద్ద అక్షరాలతో రాయి అమ్మాయ్ అన్నారు. రాశాను.

ఆ సంత రోజే భాయి పని ముగించుకుని, చేతుల దుమ్ము దులుపుకుంటూ వసారా ముందుకొచ్చి నిలబడ్డాడు. భాయికి అప్పటికి నలభై దాటింది. అక్షరాలు నేర్చుకున్నది ఆ పలకల మీదే. ఒక్కో పలక కూడబలుక్కుంటూ, పెదవులు కదుపుతూ చదివేవాడు. పన్నెండూ చదివేసరికి అరగంట పట్టింది. అప్పుడు లోపలికి తల పెట్టి, చేతుల కుర్చీలో ఉన్న మామను చాలా మర్యాదగా అడిగాడు.

"పెద్దాయనా, ఈ మూడేండ్ల మాట పల్లెలకేనా, మన పఠనమందిరం కుర్చీకి గూడా ఉండాదా?"

బెంచీల మీద పదిహేను మంది ఉన్నారు. మామ ఆ కుర్చీ ఎక్కి అప్పటికి ఏడేళ్ళు. ఉండాది అన్నారట ఆయన. అనక ఏం చేస్తారు, పన్నెండో పలక ఆ గుమ్మం పక్కనే వేలాడుతోంది.

భాయి ఊరికే అడగలేదు. పఠనమందిరం పొద్దున పదికి తెరిచి సాయంత్రం ఐదుకు మూసేవారు. ఎందుకంటే ఐదింటికి మామ ఇంటికొచ్చి ఉప్మా తినాలి. పలకల పనివాళ్ళు, గనుల్లో పనిచేసేవాళ్ళు దిగేది పొద్దుగూకే వేళకు. వాళ్ళ కోసమని పెట్టిన గదిలో దుకాణాలవాళ్ళు మధ్యాహ్నం కునుకు తీసేవాళ్ళు. దీపం పెట్టి ఎనిమిది దాకా తెరవండని భాయి రెండేళ్ళుగా అడుగుతున్నాడు. లాంతరు పొగకు పుస్తకాలు మసిబారతాయని మామ రెండేళ్ళుగా చెప్తున్నారు. ఇప్పుడు భాయి, తానే పోటీకి నిలబడి, గెలిస్తే రోజూ దీపం పెడతానన్నాడు. వారానికొక మధ్యాహ్నం ఆడవాళ్ళకు విడిగా వదులుతానన్నాడు. ఆ రెండో మాట మా ఇంటి దాకా వచ్చి నా చెవిలో పడినప్పుడు, నా చేతిలో చేట ఉంది. చెరగడం ఆపేశాను.

మొదట మామ హాయిగా ఉన్నారు. ఊరికి ప్రజాస్వామ్యం నేర్పినవాడిని ఊరు కాదంటుందా అన్నారు. వారం పోయాక వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలైంది. సభ్యులు ముప్పై ఒక్కమంది. దుకాణాలవాళ్ళు ఎటు, పనివాళ్ళు ఎటు, బస్సు కండక్టర్లు ఎటు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా తనతో కలిపి పదిహేను, అవతల పదహారు. అన్నం దగ్గర లెక్క, స్నానం దగ్గర లెక్క. తెల్లవారుజామున తులసికోట చుట్టూ తిరుగుతూ కూడా వేళ్ళు ముడుస్తుంటే, ప్రదక్షిణలు లెక్కపెడుతున్నారేమో అనుకున్నాను. అప్పుడు జాలేసింది. కార్ఖానా అప్పటికే మా ఆయన చేతికి వచ్చేసింది. కొడుకు అందులో వేలు పెట్టనివ్వడు. పొద్దున లేస్తే ఆయన పోయి కూర్చోవడానికి ఆ కుర్చీ తప్ప ఇంకేమీ లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు.

పై సంతకు ఆయన స్త్రీల హక్కుల మీద వ్యాసం చెప్పారు. పఠనమందిరంలో ఆడవాళ్ళకు సభ్యత్వం లేకపోవడం గణతంత్రానికే మచ్చ అన్నారు. ఎంత ఆవేశంగా చెప్పారంటే నా చేతిలో బలపం విరిగింది. పన్నెండో పలక అయ్యాక ఉండబట్టలేక, ఇంత మంచి సంగతి ఇన్నాళ్ళూ గుర్తుకు రాలేదేం మామా అని అడిగేశాను. ఆయన గొంతు సవరించుకుని, ఆలోచన పండటానికి టైం పడుతుందమ్మా అన్నారు. ఆ మధ్యాహ్నమే అత్తనూ నన్నూ సభ్యులుగా చేర్చారు. ఆ సాయంత్రమే చేరికలు బందు పెట్టారు. భాయికి సంగతి అర్థమై, నవ్వి ఊరుకున్నాడట. ఇప్పుడు లెక్క పదిహేడు, పదహారు. మామ ఆ పూట ఉప్మా తృప్తిగా తిన్నారు.

ఓట్ల ఏర్పాట్లన్నీ ఆయనవే. అందులో మాత్రం వంక పెట్టడానికి లేదు. గది మూలన అత్త పాత చీర ఒకటి తెరగా కట్టించారు. తెర వెనుక రెండు కుండలు. చదువురాని సభ్యులు ఉన్నారు కాబట్టి, ఒక కుండ మీద సుద్దతో పుస్తకం బొమ్మ, ఒక కుండ మీద దీపం బొమ్మ. పుస్తకం మామది, దీపం భాయిది. ఇంట్లోనే రెండు బొమ్మలూ నా చేత వేయించారు. ఒక్కొక్కరికి ఒక పలక ముక్క ఇస్తారు, నచ్చిన కుండలో వేసి రావాలి. ముక్క పడిన చప్పుడుకు ఏ కుండో బయటికి తెలుస్తుందేమోనని, రెండిటి అడుగునా పాతగుడ్డలు పరిపించారు. అంత శ్రద్ధ చూసి నాకు నిజంగా గౌరవం కలిగింది.

ఓటు రోజు మమ్మల్నిద్దరినీ జట్కాలో తీసుకెళ్ళారు. వసారా మెట్లెక్కుతూ గోడ వైపు చూశాను. పన్నెండు పలకలు, నా గుండ్రటి అక్షరాలు, మధ్యలో ఒకచోట నేను తప్పు రాసి తుడిచిన మరక. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అన్నేళ్ళు రాసి ఆ గోడను చూడటం అదే మొదలు. అత్త కూడా నిలబడి, ఇదంతా నువ్వు రాసిందేనా అని అడిగి, ఒక పలకను చేత్తో తాకబోయి, చెరిగిపోతుందేమోనని వెనక్కి తీసుకుంది.

తెర వెనక్కి ముందు నేను వెళ్ళాను. నా బుద్ధి దీపం కుండ వైపే ఉంది. ఆడవాళ్ళ మధ్యాహ్నం కావాలని నాకు ఎంత ఉందో చెప్పలేను. ముక్కను దాని మూతి దాకా తెచ్చాను కూడా. అప్పుడు మామ ముఖం గుర్తొచ్చింది. ఆ పొద్దున ఏమీ తినలేదు, గడ్డం రెండుసార్లు గీసుకున్నారు. రేపు ఇంట్లో ఎలా ఉంటుందో కూడా గుర్తొచ్చింది, అబద్ధం ఎందుకు. ముక్కను పుస్తకం కుండలో వేసి బయటికొచ్చాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. స్వేచ్ఛ గురించి ఇన్ని పలకలు రాసిన చేయి, స్వేచ్ఛ చేతికొచ్చినప్పుడు చేసిన పని అది. అత్త ఇలా వెళ్ళి అలా వచ్చేసింది, పోపు వేసొచ్చినంత సులువుగా.

లెక్క తేల్చింది బడిపంతులు. పుస్తకం పదహారు, దీపం పదిహేడు. రెండుసార్లు లెక్కపెట్టినా అంతే.

మామ లేచారు. మొలకున్న తాళంచెవులు విప్పి భాయి చేతిలో పెట్టారు. సూత్రం బాగా పనిచేసింది అని అందరికీ వినిపించేలా అన్నారు. పలకలు మాత్రం మీవే పెద్దాయనా, అవి లేకపోతే ఈ గదెందుకు అన్నాడు భాయి. మామ తలూపి, చెప్పులు అక్కడే మరిచిపోయి, ఎండలో వట్టికాళ్ళతో ఇంటికి నడిచొచ్చారు.

ఆయనకు బాధ ఓడిపోయినందుకు కాదు. ఆయన లెక్క తప్పిపోయినందుకు. బయటి ఓట్లు ఒక్కొక్కటీ ఆయన అనుకున్నట్టే పడ్డాయని, వేసినవాళ్ళే వచ్చి చెప్పిపోయారు. తేడా వచ్చింది ఒక్క ఓటు. అది మా ఇంటిది. అడుగుదామంటే, అడిగేవాడు దొంగతో సమానమని తానే రాయించారు. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ ప్రశ్న నోట్లో పెట్టుకుని తిరగడానికి ఆయన పడ్డ అవస్థ చూస్తే నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది. నావైపే చూసేవారు. చదువుకున్నదాన్ని నేను, ఆలోచన ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడిగినదాన్నీ నేనే.

నాలుగోనాడు పలకలు రాసే వేళకు, ఆయనే ఒక ముక్కాలిపీట కాలితో నావైపు జరిపారు. కూచొని రాయి అన్నారు. రెండు వాక్యాలు చెప్పి, ఆగి, నువ్వేమంటావు అని అడిగారు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. మామా, నేను మీకే వేసినాను అని. చెప్పలేదు. కూర్చున్నాను. కూర్చుంటే ఎంత బాగుందో! ఆ రోజునుంచి ప్రతి వ్యాసానికీ ముందు నా అభిప్రాయం అడిగేవారు, ఒక్కోసారి మార్చుకునేవారు కూడా. నాకు కొంచెం కళ్ళు నెత్తికెక్కాయనే చెప్పాలి.

అసలు సంగతి మూడు నెలల తరువాత తెలిసింది. అత్తా నేనూ బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాం. ఉన్నట్టుండి ఆమె, తల ఎత్తకుండానే, ఆ దీపం కుండలో వేసింది నేనే అంది. నేను చేట కింద పెట్టేశాను. ఎందుకు అత్తా అన్నాను.

"ఇన్నేండ్లుగా అన్నం కాడ చెప్తానే ఉండాడు గదా, మనిషి తనకు తోచింది తాను చేయాలని. ఒకసారి చేసి చూద్దామనిపించింది."

చూస్తే ఎట్ల ఉండింది అని అడిగాను. బాగుండింది అంది. తరువాత, ఆయనకు మాత్రం చెప్పొద్దని మాట తీసుకుంది. కోడలు ఎదురు తిరిగిందంటే చదువుకున్న పిల్ల అని మురుసుకుంటాడు, నేనని తెలిస్తే తట్టుకోలేడు అంది. ఆమె చెప్పింది నిజమే అనిపించింది. నాకు కూడా అదే సుఖంగా ఉంది కాబట్టి, ఇంకా నిజమనిపించింది.

పఠనమందిరంలో దీపం వెలిగింది. పుస్తకాలు కొంచెం మసిబారాయి, మామ చెప్పింది అబద్ధం కాదు. ఆడవాళ్ళ మధ్యాహ్నానికి అత్త నాకంటే ముందు తయారయ్యేది. మూడేళ్ళకు భాయి కూడా ఒక బస్సు కండక్టరు చేతిలో ఓడిపోయి, నవ్వుతూ తాళాలిచ్చి, మళ్ళీ బెంచీ మీద కూర్చుని చదువుకున్నాడు. ఈలోగా రాజధాని హైదరాబాదుకు పోయింది. మామ దానికి వారం రోజులు సంతాపం పాటించారు.

మరి కొన్నేళ్ళకు ఊళ్ళో కొందరు కలిసి మామ వ్యాసాలు పుస్తకంగా అచ్చువేయిస్తామని వచ్చారు. పలకల మీదివి తుడిచేసినవే కదా, మిగిలినవి నాకు గుర్తున్నవీ, నేను నోటు పుస్తకంలో ఎక్కించుకున్నవీ. అవన్నీ శుభ్రంగా కాగితాల మీద రాశాను. చివరికి ఒక కొత్త వ్యాసం చేరుస్తానన్నారు మామ. అప్పటికి ఆయనకు నడక తగ్గింది, మంచం మీద కూర్చునే చెప్పేవారు. నేను పక్కన పీట మీద. అత్త వంటింట్లో ఉంది.

"రాయి. నా రాతలకు దేశంలో ఏం ఫలితం వచ్చిందో నాకు తెలీదు. నా ఇంట్లో మాత్రం ఒక పౌరురాలు తయారైంది. ఆమె నా కోడలు. ఆమె ఓటుతో నేను ఓడిపోయినాను. నా జీవితంలో నేను గెలిచింది ఆ ఒక్కరోజే."

రాయడం మొదలుపెట్టాను. పౌరురాలు దాకా రాశాను. కోడలు అన్న మాట దగ్గర కలం సాగలేదు. అత్తకిచ్చిన మాట ఒకవైపు. ఇంకోవైపు నా చేతిరాతతో నేనే రాసుకుంటున్న అబద్ధం, అదీ అచ్చులో, ఆయన చిట్టచివరి వ్యాసంలో. అన్నేళ్ళు ఆ పీట మీద కూర్చున్నాను. అది నాది కాదు. ఇక కూర్చోవడం నా వల్ల కాలేదు.

కలం కింద పెట్టి లేచి నిలబడ్డాను. నేను కాదు మామా, నేను పుస్తకం కుండలోనే వేసినాను, భయపడి వేసినాను అన్నాను. ఆయన నమ్మలేదు. మరి ఎవరు అన్నారు. అన్నాక, ఇంట్లో ఇంకెవరున్నారో ఆయనకే తట్టింది. వంటింటి వైపు చూశారు.

ఆమెకు చదువు రాదు గదా అన్నారు, మెల్లగా.

రాదు మామా, విన్నది అన్నాను.

ఏమే అని పిలవడం ఆయనకు అలవాటు. ఆ రోజు అది నోటికి రాలేదు. నన్ను పిలవమన్నారు. అత్త చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. నా ముఖం చూడగానే ఆమెకు అర్థమైపోయింది. నామీద కోపగించుకుంటుందనుకున్నాను, కోపగించుకోలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఇన్నేండ్లలో నాకేమన్నా చెప్పాలనుకున్నావా?" అని అడిగారు మామ.

"అనుకున్నాను," అంది అత్త. "శానా ఉండాయి. మీరెప్పుడూ అడగలేదు."

ఆయన మంచం మీద పక్కకు జరిగారు. అంత ఒళ్ళు కదలని మనిషి, రెండు చేతులూ ఊతం పెట్టుకుని, ఆయాసపడుతూ జరిగారు. అత్త వచ్చి ఆయన పక్కన కూర్చుంది. నేను కాపురానికొచ్చినప్పటినుంచి ఆ ఇంట్లో అలాంటిది చూడలేదు. చెప్పు అన్నారాయన. ఆమె పెళ్ళయిన ఏడాది నుంచి మొదలుపెట్టింది.

నేను వంటింట్లోకి పోయి పొయ్యి మీద అన్నం చూసుకున్నాను. సాయంత్రం దాకా మామ గొంతు నాకు వినిపించలేదు.